కలప ముందు, వాన చివర

1996 ఏప్రిల్‌ 17, బుధవారం. ఉదయం పదిన్నరకు పెడనలోని ఒక ప్రైవేటు హైస్కూల్లో ఎనిమిదో తరగతి శ్రీలేఖ సోషల్‌ పేపరు మీద హెడ్మాస్టరు సున్నా వేశారు. కారణం, కాపీ.

సుభాషిణి టీచర్‌ని గదిలోకి పిలిపించారు. శ్రీలేఖ అప్పటికే గోడవారగా నిలబడి ఉంది.

"చూడండి టీచర్‌గారూ," అంటూ హెడ్మాస్టరు రాధాకృష్ణమూర్తి రెండు పేపర్లు పక్కపక్కన పెట్టారు. "ఇది ఈ పిల్లది. అది పక్క బల్ల పిల్లది. అడవుల వల్ల ఉపయోగాలు. పుస్తకంలో ముందు వర్షాలుంటాయి. క్లాసంతా అలాగే రాశారు. వీళ్లిద్దరే కలపతో మొదలుపెట్టారు. తర్వాత మందులు, తర్వాత మేత, చివర్న వర్షాలు. ఒక్క మాట తేడా లేదు."

సుభాషిణి రెండూ చదివింది.

"పక్క పిల్ల ఎప్పుడూ ఫస్టే. ఆలోచించి వరస మార్చుకుని ఉంటుంది. మరి ఈవిడగారో? నిన్న చెప్పింది ఇవాళ గుర్తుండదు. ఏమ్మా, ఆ జవాబు ఇప్పుడు అప్పజెప్పు."

శ్రీలేఖ పెదాలు కదిలాయి. టీచర్‌ వైపు చూసింది. పెదాలు ఆగిపోయాయి.

గుర్తుండదన్న మాట నిజమే. శ్రీలేఖ ఆరో తరగతి రెండేళ్లు చదివింది. బల్ల ముందు కూర్చోబెట్టి ఎన్నిసార్లు వల్లె వేయించినా తెల్లారేసరికి ఖాళీ. కానీ తమ వీధిలో ఏ ఇంటి మగ్గం మీద ఏ రంగు చీర ఉందో అడిగితే తడుముకోకుండా చెప్పేది. అది గమనించాక సుభాషిణి పాఠాన్ని వీధిలోకి తెచ్చింది. బడి వదిలాక ఇద్దరూ నడిచేవాళ్లు. కలప అడితి దగ్గర కలప. మందుల షాపు దగ్గర మందులు. మేకల పాక దగ్గర మేత. శ్రీలేఖ ఇంటి ముందు కుళాయి దగ్గర వర్షాలు. మర్నాడు మళ్లీ, వారం పోయాక మళ్లీ.

"మేత మర్చిపోకే," అనేది సుభాషిణి.

"నేను మర్చిపోయినా మేకే అరిచి గుర్తుచేస్తదండీ," అనేది శ్రీలేఖ.

"పరీక్షలో కళ్లు మూసుకుని మీ ఇంటికి నడిచెళ్లిపో. అంతే."

ఆ వీధిలో అలా నడిచింది వాళ్లిద్దరే. మూడో మనిషికి ఆ వరస తెలియదు.

"దీని వెనకాల ఇంత తిరిగింది మీరే," అన్నారు హెడ్మాస్టరు. "ఇది దాని సొంత జవాబే అనండి, ఇప్పుడే మార్కులు వేసేస్తాను. అప్పుడు సున్నా పక్క పిల్లకి పడుతుంది. బడి బోర్డు మీద ఆ పిల్ల ఫోటో వేయిస్తానని కరస్పాండెంటుగారు అందరికీ చెప్పుకున్నారు. ఆయనకి మీరే నచ్చజెబుదురుగాని."

వచ్చే ఏడాదికి టీచర్లలో ఎవరిని ఉంచుకోవాలో తేల్చేది ఆ కరస్పాండెంటే.

శ్రీలేఖ ఈ ఏడాది మళ్లీ పరీక్ష తప్పితే చదువు మాన్పిస్తానని తండ్రి దైవాధీనం ముందే చెప్పాడు. ఆ సంగతి సుభాషిణికి తెలుసు.

"గుర్తుండదండీ దానికి," అంది సుభాషిణి.

శ్రీలేఖ తల దించుకుంది.

దైవాధీనం అన్నంత పనీ చేశాడు. జూన్‌లో బడి తెరిచారు. ఒక సాయంత్రం సుభాషిణి ఆ వీధికి వెళ్లింది. శ్రీలేఖ అరుగు మీద రాట్నం ముందు కూర్చుని నేతకి కండెలు చుడుతోంది. టీచర్‌ని చూసి లేచి నమస్కారం పెట్టి, మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది. తల్లి ప్రేమమ్మ బయటికి వచ్చింది.

"రండి టీచర్‌గారూ, కూర్చోండి. మా దానికోసం కాళ్లరిగేలా తిరిగారు. దాని బుర్రే అంత, మీరేం చేస్తారు!"

"బుర్ర లేక కాదు ప్రేమమ్మా."

"మరేంటండీ?"

సుభాషిణి లోపలి గుమ్మం వైపు చూసింది.

ప్రేమమ్మ గొంతు తగ్గించింది. "నాకొకటి అంతుబట్టడం లేదండీ. కాపీ కొట్టలేదని నా మీద ఒట్టేసింది. పక్క పిల్లే దీని పేపరు లాక్కుని చూసిందంట. ఎవరే ఆ పిల్ల అంటే పేరు చెప్పదు. మరి హెడ్మాస్టరుగారి ముందు నీ నోరేమైందే అంటే, చెప్తే మా టీచర్‌గారికి తల కొట్టేసినట్టుంటది, అంటదండీ. ఎవరో పిల్ల చూసి రాస్తే మధ్యలో మీకేంటండీ?"

శ్రీలేఖ మంచినీళ్ల గ్లాసు తెచ్చి ఇచ్చింది. సుభాషిణి అందుకుంది.

పక్క బల్ల పిల్ల వర్షిణి, సుభాషిణి కూతురు.