మూడో మైకు

"నన్ను గెంటింది ఎవరో తేలేదాకా సంతకం చెయ్యను. ఆ మైకు ముందు నిలబడను," అంటూ కీలీ కలాన్ని బల్ల మీదికి విసిరికొట్టింది.

బ్రిక్స్‌టన్ స్టూడియోలో గాజు తలుపు అవతల మూడు మైకులు సిద్ధంగా ఉన్నాయి. ఒకప్పుడు లండన్‌ని ఊపేసిన టాప్‌డెక్ పాటల బృందం అమ్మాయిలు పందొమ్మిదేళ్ల తర్వాత కలిసి పాడాలి. కీలీ లేకుండా మిగతా ఇద్దరూ రెండుసార్లు తిరిగొచ్చారు, రెండుసార్లూ బోర్లాపడ్డారు. ముగ్గురూ ఉంటేనే రికార్డు వేస్తామని కంపెనీ తెగేసి చెప్పింది. ఇది పోతే ఇక పాటా లేదు, బృందమూ లేదు.

"ఎవరూ గెంటలేదే," అంది యెమీ. "రెండో ఆల్బమ్ సగంలో ఉండగా నువ్వే వెళ్లిపోయావు. మాతో ఒక్క మాట కూడా చెప్పలేదు."

"నేను వెళ్లానా? సన్నబడాలని తిండి మానేసి కళ్లు తిరిగి పడితే వారం సెలవని ఇంటికి పంపారు. ఎనిమిదో రోజు రేడియోలో విన్నాను, నేను మానేశానని! మీ ఇద్దరిలో ఎవరి కడుపుమంటే అది?"

"నోరు అదుపులో పెట్టుకో," అంది నటాషా. "మా అమ్మ పోతే పలకరించడానికైనా రాని దానివి, ఇప్పుడొచ్చి మమ్మల్ని నిలదీస్తున్నావా?"

నిజమే, రాలేదు. వీళ్ల మొహాలు చూడకూడదని ఒట్టు పెట్టుకుంది. ఆ కసి మీదే ఇన్నేళ్లూ బతికింది.

మూలనున్న సోఫాలోంచి పాలీన్ లేచింది. కీలీ తల్లి. వీళ్లిద్దరినీ తిట్టడంలో కూతుర్ని మించిన మనిషి.

"ఏరు దాటాక తెప్ప తగలేసే రకాలు మీరు. నా పిల్ల నెలలకొద్దీ ఏడ్చింది. పదవే కీలీ, ఈ పాటా వద్దు, వీళ్ల పొత్తూ వద్దు. ఇంటికి పోదాం."

"కాసేపు ఆగమ్మా," అంది కీలీ. "ఇవాళ వీళ్ల బండారం బయటపడాలి. డెరెక్, నువ్వు చెప్పు. అప్పుడు మేనేజరువి నువ్వేగా."

డెరెక్ బట్టతల తడుముకున్నాడు. "నీకు తెలుసనే అనుకున్నాను. కొత్త ఒప్పందానికి పాతది రద్దయిన కాగితం జత చెయ్యాలని లాయరు అడిగితే వెతికి తెచ్చాను. 'కీలీ తన ఇష్టప్రకారమే తప్పుకుంటోంది' అని ఉంది ఇందులో."

"అబద్ధం. నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. అది నా సంతకమైతే చెప్పుచ్చుకు కొట్టు."

"నీది కాదు. అప్పుడు నీకు పదిహేడేళ్లే, నీ సంతకం చెల్లదుగా."

కీలీ ఆ కాగితం లాక్కుంది. పైనుంచి కిందిదాకా ఒకసారి చదివింది. మళ్లీ చదివింది. నటాషా వంక చూడబోయి చూడలేకపోయింది. కోపంగా కాగితాన్ని బల్ల మీద పడేసింది. ఈసారి ఆ కోపం ఎవరి మీదో ఆ గదిలో ఎవరూ అడగలేదు.

"అప్పుడు నువ్వు ముప్పయ్యారు కిలోలున్నావే," అంది పాలీన్, కాగితం అడుగున ఉన్న తన సంతకం వంక చూడకుండా.