ఐదు మాటలు

"ఇప్పుడు కండ్లు మూసుకొని రాయి," అన్నాడు రాంచందర్.

కౌసల్య కళ్లు మూసుకుంది. నీలం పెన్ను కాగితం మీద మెల్లగా కదిలింది. కళ్లు తెరిచి చూసేసరికి ఐదు మాటలూ గీత మీద వరుసగా కూర్చున్నాయి. కింద కుడివైపున ఆమె పేరు.

"నాలుగో మాట చివర సున్నా చిన్నగైంది. ఇంకోటి రాయి."

ఇస్నాపూర్‌లోని ఆ కిరాయి గదిలో మూడు నెలలుగా పొద్దున ఆరింటికి ఇదే పని. ఏడున్నరకు ఆమె మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్‌కు పోవాలి. అతను పైపుల కంపెనీలో సూపర్‌వైజర్. ఒకరోజు ఆ కంపెనీకి ఎవరో ఉపన్యాసాలిచ్చే ఆయన వచ్చి, గొప్ప కళాకారులు పని చేసే పద్ధతులు చెప్పి, వాటిని మీ సొంత లక్ష్యాలకు వాడుకొమ్మని తలా ఒక అచ్చు కాగితం పంచాడు. ఆ సాయంత్రం రాంచందర్ కాగితం మడత విప్పి భార్య ముందు కూర్చున్నాడు.

"నీకేం గావాలె? ఒక్కటి చెప్పు."

పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఆమెను ఆ మాట ఎవరూ అడగలేదు. పైగా అడుగుతున్నది, కిందటేడు 'విడిపోదాం' అని పెద్దమనుషుల్లో కూర్చోబెట్టిన మనిషి. కౌసల్య ఒప్పుకోలేదు. ఆ తర్వాత అతను ఇంట్లో అవసరానికి తప్ప నోరు విప్పలేదు.

అయినా ఆమె చెప్పేసింది.

కూతురు నీహారిక జోగిపేట గురుకులంలో ఆరో తరగతి. పోయినసారి తల్లిదండ్రుల మీటింగ్‌లో ఒక పుస్తకం తిప్పారు. పిల్ల గురించి ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాలి. చిన్నప్పుడు మేకల వెంట తిరిగిన కౌసల్యకు బడి మొహమే తెలియదు. వేలిముద్ర వేసింది. వెనకాల ఎవరో పిల్ల కిసుక్కున నవ్వింది. నీహారిక తలెత్తలేదు.

"ఈసారి ఆ పుస్తకంల నా చేత్తోని రాయాలె. 'నా బిడ్డను నేనే బాగా చదివిస్తా' అని."

"గంతేనా? రాపిస్త," అన్నాడు రాంచందర్.

అన్నట్టే కూర్చోబెట్టాడు. రోజూ అదే వేళ, అదే చాప. ఆమె అక్షరాలు నేర్చుకుంటానంటే వద్దన్నాడు. "బొమ్మలేసేటోళ్లు ముందుగాల గురువు గీసింది సూసి అచ్చం గట్లనే గీస్తరు. నువ్వు గూడ నేను రాసింది సూసి గియ్యి." బాగా రాని కాగితాలు ఒక్కటి కూడా ఉంచేవాడు కాదు. ఏరోజువి ఆరోజే డాబా మీద కాల్చేసేవాడు. పని పూర్తయ్యేదాకా ఎవరికీ చూపించకూడదన్నది ఇంకో నియమం.

మొదటి నెల వేళ్లు వాచాయి. అయినా కౌసల్యకు అంత సంతోషం ఎన్నడూ లేదు. ప్యాకింగ్ బెల్టు ముందు నిలబడి తొడ మీద వేలితో రాసుకునేది. భోజనాల దగ్గర తోటివాళ్లు మొగుళ్లను తిట్టుకుంటుంటే ఆమె మాత్రం, "మా ఆయన మారిండు," అనేది.

ఒకరోజు ఇల్లుగలామె అనీస్ బేగం నీళ్ల మోటారు సంగతి చెప్పడానికి పైకి వచ్చింది. చాప మీద కాగితం చూసి ఆగిపోయింది.

"గిది నువ్వు రాసినవా? నీ చేతిల కసరత్తు కనబడుతుంది బిడ్డా. మా అబ్బా కాతిబు. షాదీ కార్డులు రాసేటోడు. ఒక్క అలిఫ్ అక్షరాన్నే నెల దినాలు రాసేటోడు. ఏమని రాసినవ్?"

దాచలేక చెప్పేసింది కౌసల్య. ముసలామె కళ్లు చెమ్మగిల్లాయి. "మాషా అల్లా. మంచి మాట."

అప్పుడే మెట్లెక్కి వచ్చిన రాంచందర్ గబుక్కున కాగితం లాక్కున్నాడు.

"ఖాలా, మీకు తెలుగు సదవొస్తదా?"

"నాకేడిది బేటా? ఉర్దూ ఒక్కటే."

రాంచందర్ నవ్వి, ఆమెకు కుర్చీ వేశాడు. ఆమె వెళ్లాక మాత్రం ఆ పూట భార్యతో మాట్లాడలేదు. తప్పు తనదేనని కౌసల్య ఆరోజు ఇంకో ఇరవైసార్లు రాసింది.

మీటింగ్ ఆదివారం. శనివారం పొద్దున ఆమె రాసిన మూడో కాగితాన్ని రాంచందర్ కిటికీ వెలుగులో పట్టుకొని చాలాసేపు చూశాడు.

"ఇగ సాలు. ఇది నీ చేతిరాతనే అని ఎవలైనా ఒప్పుకుంటరు."

కౌసల్యకు ఏడుపొచ్చింది. "బడి పుస్తకంల గూడ గిట్లనే వస్తదా?"

"ఎందుకు రాదు?"

ఆ కాగితాన్ని మాత్రం అతను కాల్చలేదు. జాగ్రత్తగా మడిచి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రెండు రబ్బరు బ్యాండ్లు వేసి, ఆమె చేతిసంచి అడుగున పెట్టాడు.

"నీ కాడనే ఉండనియ్యి. నీళ్లు తగిలితే సిరా పోతది. రేపు పొద్దుగాల్నే బయలెల్దాం. దారిల సింగూరు కాడ ఆగుదం. డ్యాం మస్తు నిండిందట."

"నిజంగనా?" ఎక్కడికైనా తీసుకుపోతానని అతను అనడం ఆమెకు గుర్తు లేదు. మెరూన్ చీర తీసి ఇస్త్రీ చేసుకుంది. నీహారికకు సకినాలు డబ్బాలో సర్దింది.

సాయంత్రం అతను బండిలో పెట్రోలు పోయించడానికి వెళ్లినప్పుడు మనసాగక కవరు విప్పింది. కాగితం ఒళ్లో పరుచుకొని, ఒక్కో మాట మీద వేలు పెట్టి పైకి చదువుకుంది. "నా... బిడ్డను... నేనే... బాగా... చదివిస్తా." సరిగ్గా ఐదు. బిడ్డ మొహం ఎట్లా వెలుగుతుందో తలుచుకొని నవ్వుకుంది.

ఆమె వేలి కింద నీలం సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో ఇలా ఉంది: 'నా చావుకు ఎవరూ కారణం కాదు.'