అమ్మగారి చేతి ముద్ద

“కృపావతి వండితే మేం తినం. అంతే అమ్మగారూ!” అన్నాడు కోతల మేస్త్రీ పరదేశి, ఖాళీ విస్తరి పక్కకు తోసేసి.

ఆగిరిపల్లి దగ్గర తులసమ్మగారి మామిడితోట అది. చిన్నరసాలు కోతకొచ్చాయి. పడమర మబ్బు పట్టింది. ఒక్క గాలిదుమారం చాలు, ఏడాది కష్టం నేలపాలు కావడానికి. అలాంటప్పుడు కూలీలు అలిగితే ఏ ఆసామికైనా గుండెల్లో రాయి పడదూ!

పొయ్యి దగ్గర కృపావతి గరిటె పట్టుకుని కొయ్యబారిపోయింది. భర్త పోయాక పిల్లను చదివించుకుంటున్నది ఈ తోట వంటతోనే. ఇది పోతే, ఇంత మాట పడ్డాక మళ్లీ పనిచ్చేదెవరు?

“ఏంరా, ఉప్పెక్కువైందా?” అంది తులసమ్మ నవ్వుతూ.

“నవ్వులాట కాదండీ. ఏలూరు ఆసుపత్రిలో హెచ్‌ఐవీ మందులిచ్చే కిటికీ దగ్గర ఈవిణ్ణి మా బావమరిది కళ్లారా చూశాడు. ఆ చేతుల మీద పొక్కులు చూడండి!”

“అవి సొన పొక్కులురా సన్నాసీ! అదీ కాయలు ఏరుతుందిగా. నీ మెడ మీదున్నవేంటి మరి?”

కూలీలు కిసుక్కుమన్నారు. పరదేశి మెడ తడుముకున్నాడు గానీ పట్టు వదల్లేదు. “మందులు తేవట్లేదని చెప్పమనండి చూద్దాం.”

అందరూ కృపావతి వైపు తిరిగారు. ఒక్క మాటతో గొడవ తేలిపోతుంది. ఆ మాట మాత్రం ఆమె అనలేదు.

“తెస్తున్నానండీ” అని తల దించుకుంది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

“చూశారా!” అన్నాడు పరదేశి.

“చూశాన్లే. తిండి వల్ల అంటుకునే జబ్బు కాదది. ఆ జబ్బుందని పనిలోంచి తీయకూడదని చట్టం కూడా ఉంది, తెలుసా?”

“చట్టం వచ్చి మా విస్తట్లో తింటుందేంటండీ? మా భయం మాది.”

కృపావతి గరిటె కింద పెట్టి సంచీ అందుకుంది. “నేను వెళ్లిపోతానమ్మా. నా మూలంగా మీ కాయ రాలిపోకూడదు.”

“కూర్చోవే!” కసిరింది తులసమ్మ. మేస్త్రీ వైపు తిరిగింది. “పరదేశీ, మరి మీకు అన్నం ఎవరు పెట్టాలి?”

“మీరు పెట్టండమ్మా. పోయినేడు కోతల ఆఖరిరోజు ముద్దలు పెట్టారు చూడండి, ఆ రుచి ఇంకా నాలిక మీదే ఉంది. మీ చేతి ముద్దైతే కళ్లకద్దుకుని తింటాం.”

“మాట మీద నిలబడతావా?”

“అమ్మ పెట్టేది కాదంటే కళ్లు పోవూ!”

తులసమ్మ కొంగు బిగించింది. కృపావతి గబుక్కున ఆవిడ చెయ్యి పట్టుకుని “వద్దమ్మా” అంది. ఆవిడ విడిపించుకుని తనే అన్నానికీ పప్పుకీ కొత్తగా ఎసరు పెట్టింది. అన్నం ఉడికాక పప్పు, ఆవకాయ, నెయ్యి వేసి కలిపి, వరసగా అందరి చేతుల్లో ముద్దలు పెట్టుకుంటూ వచ్చింది. అందరూ ఆవురావురుమంటూ లాగించేశారు.

“అబ్బ! తిండంటే ఇదీ” అంటూ పరదేశి రెండో ముద్దకు చెయ్యి చాపాడు. “రోజూ ఇలా పెట్టండి, తోటంతా చిటికెలో కోసిపడేస్తాం.”

తులసమ్మ ముద్ద పెట్టి, అతను నోట్లో వేసుకునేదాకా ఆగింది.

“కృపావతి తెచ్చే మందులు నావిరా.”