ముక్కోటి అంటే హంస

చండ్రుగొండలో బస్సెక్కేసరికే కాలు పెట్టే చోటు లేదు.

"ఏందే మనోజ్ఞా, బస్సంత ముక్కోటి లెక్కుంది!" అంది పద్మావతమ్మ, మనవరాలి భుజం పట్టుకుని.

కిటికీ పక్కన కూర్చున్న బక్కపల్చటి మనిషి లేచాడు. "ఇట్ల కూసోమ్మా."

"మా నానమ్మకు గుంపు కనపడితే చాలు, ముక్కోటే" అని నవ్వింది మనోజ్ఞ. "ఇంటికి నలుగురు చుట్టాలొచ్చినా ముక్కోటే!"

"అసలు దాని అర్థమేందమ్మా?" ఆ మనిషి పద్మావతమ్మనే అడిగాడు.

"మూడు కోట్ల దేవతలు దిగొస్తరని పంతులు చెప్తడు. నాకైతే ముక్కోటంటే గోదాట్ల సీతారాములనెక్కించుకుని తిరిగే హంస పడవనే. నువ్వూ ఆ తెప్పోత్సవానికేనా?"

"అవ్. ఏటా పోత. హంసను మాత్రం ఒడ్డు మీదికెల్లి ఎన్నడు చూడలే."

"అయ్యో! ఏటా పోయి చూడకపోవుడేంది?"

"పని గసొంటిది."

ఆమెకు జాలేసింది. నీళ్లలో దీపాలు పడి ఒక్క హంస రెండు హంసలెట్లా అవుతుందో చేతులు తిప్పుతూ చెప్పింది. అతను కళ్లార్పకుండా విన్నాడు.

"పోయినేడు కండ్లకు శుక్లాలు. అంత మసకే. ఆపరేషనైంది. ఈసారన్న సామి మొఖం చూడాలె" అంది పద్మావతమ్మ.

"అయితే నాతోని రండి. రేవు కాడ ముంగట నిలబెడత."

మనోజ్ఞ నానమ్మ చెయ్యి నొక్కింది. ఎవరో ఏమో!

"వద్దులే బాబాయ్. కరకట్ట కింద, చివరి మెట్ల కాడ మాకు జాగ ఎరుకే."

"మంచిది బిడ్డా."

భద్రాచలంలో దిగగానే అతను జనంలో కలిసిపోయాడు.

సాయంత్రానికి మెట్ల మీద ఇసుక వేస్తే రాలనంత జనం. పద్మావతమ్మకు ముందువాళ్ల వీపులే కనిపించాయి.

"ఆయనెంబడి పోతే మంచిగుండేది" అంది.

పటాకులు పేలాయి. హంస కదిలింది. మొదటి చుట్టు నడి గోదావరిలోనే తిరిగిపోయింది. ఆమెకు దక్కింది జనం కేకలే.

రెండో చుట్టులో హంస ఎందుకో ఒడ్డువైపు మళ్లింది. మెల్లగా చివరి మెట్ల ముందుకే వచ్చింది. జనం తలల మీదుగా, ఎదురుగా, సీతారాములు!

"చూసిన్నే! సామి మొఖం చూసిన్నే!" పద్మావతమ్మ ఏడుస్తూ నవ్వింది. పక్కనున్న ముక్కూమొహం తెలియని ఆడమనిషిని వాటేసుకుంది.

మనోజ్ఞ మునివేళ్ల మీద లేచి చూసింది.

హంస వెనక, దీపాల వెలుగు పడని మూలన నిలబడి పడవ నడుపుతున్నది, పొద్దున బస్సులో తాము వద్దన్న ఆ మనిషే.