బహిష్కృతుడికి సన్మానం

“శాలువా కప్పంగ అంగీ నలిగిపోతదేమో, జర సదురు అనసూర్యా. ఫొటోల మంచిగ రావాలె.”

అనసూర్య భర్త అంగీ సదిరింది. లక్ష్మీరాజం ఛాతీ విరుచుకుని వేదిక మీది కుర్చీ వైపు నడిచాడు. ఆసిఫాబాద్ ఫంక్షన్ హాల్లో ఆ రోజు పార్టీ కోసం ఊరు విడిచిన త్యాగమూర్తులకు సన్మానం. ఆ త్యాగాలు పార్టీకి గుర్తు రావడానికి ఇరవై ఏడేళ్లూ, దగ్గరపడిన ఒక ఎన్నికా అవసరమయ్యాయి.

అప్పట్లో లక్ష్మీరాజం ఊరు పేరుకు సర్కారుది, మాటకు అన్నలది. ఒకనాడు తెల్లారేసరికి బడి గోడ మీద దళం చట్టమొకటి వెలిసింది. సర్కారు పార్టీని నమ్ముకున్నవాళ్లు మూడు రోజుల్లో ఊరు విడవాలి, తిరిగొస్తే ప్రజలే శిక్షిస్తారు. ప్రజల్ని ఎవరూ అడగలేదు. కింద ఎర్ర సిరాతో పది పేర్లు. అవి మాజీ సర్పంచితో మొదలై లక్ష్మీరాజంతో ముగిశాయి.

పార్టీలో లక్ష్మీరాజం హోదా ఏమిటంటే, జెండాలు కట్టడం, నాయకుడి జీపు వెనక పరుగెత్తడం. పదకొండేళ్లు పరుగెత్తినా ఆ నాయకుడు అతన్ని ‘రాజలింగం’ అనే పిలిచేవాడు. అందుకే గోడ మీద తన పేరు తప్పుల్లేకుండా కనిపించగానే, అతని వణుకులో కాస్త గర్వం కూడా కలిసింది.

“రాజీనామా రాసిస్తే ఇడిసిపెడ్తరట,” అన్నారు ఊరివాళ్లు.

“సచ్చినా రాయను! రేపు పార్టీకి నా మొకం ఎట్ల సూపెట్టాలె?”

అనసూర్య ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. మూటలు కట్టింది. ఏడో తరగతి పాసై ఇంట్లో కూర్చున్న కూతురు దీపిక చెయ్యి పట్టుకుని భర్త వెంట కరీంనగర్ బస్సెక్కింది.

కరీంనగర్‌లో నాయకుడి బంగళా గేటు ముందు లక్ష్మీరాజం నెల రోజులు నిలబడ్డాడు. “ఎవలు, రాజలింగమా? రేపు రమ్మను,” అనేది రోజూ లోపలి నుంచి వచ్చే జవాబు. రేపు రాలేదు. అతను మార్కెట్లో బస్తాలు మోశాడు, ఆమె బీడీలు చుట్టింది. దీపిక చదువుకుని ఇప్పుడు సర్కారు కాలేజీలో లెక్కలు చెబుతోంది. లక్ష్మీరాజం మాత్రం బస్తా దించినప్పుడల్లా పార్టీ గురించే చెప్పాడు.

సభలో అతనికి శాలువా కప్పినవాడు ఓంప్రకాశ్. ఒకప్పటి దళ కమాండర్, లొంగిపోయాక అదే పార్టీకి జిల్లా ఉపాధ్యక్షుడు. వెళ్లగొట్టినవాడే సన్మానించడంలో పార్టీకి వింతేమీ కనిపించలేదు.

“మాఫ్ చెయ్యి అన్నా, గప్పటి రోజులట్లాంటియి,” అన్నాడు ఓంప్రకాశ్ చెవిలో. “గని ఒక్కటి సమజైతలేదు. గా పేర్లు నా చేత్తోనే రాసిన. తొమ్మిది మందే. నీ పేరు రాసినట్టు యాదికి లేదు.”

లక్ష్మీరాజం శాలువా విదిలించుకుని వేదిక దిగాడు. తిరుగు బస్సులో కూర్చున్నాక కూడా అతని కోపం చల్లారలేదు.

“ఇన్నవా? నా పేరే రాయలేదంటడు! పార్టీకి గంత పని చేసినోన్ని అన్నలు లెక్కలకే తీసుకోలేదా? ఆనికి మతి పోయింది.”

“ఆయనకేం మతి పోలే. నిజమే చెప్పిండు,” అంది అనసూర్య.

“ఏందే నువ్వనేది?”

“బిడ్డను ఎనిమిదిల ఏద్దాం, పట్నం పోదామని నీ కాళ్లు మొక్కిన. నేను పోతె ఊళ్లె పార్టీ ఏంగావాలె అన్నవు.”

“అయితే?”

“నీ పేరు నేను రాసిన.”