హారతి వేళ కంటిపొరలు

కీమో మందు కంటి తడిని పీల్చేయకుండా డాక్టరు తాయారమ్మ కళ్ళకు కాంటాక్టు లెన్సుల్లాంటి పల్చటి పొరలు తొడిగారు. కన్ను ఎండినప్పుడల్లా అవే కన్నీటిలాంటి మందు చుక్క వేస్తాయి, పలకరిస్తే పలుకుతాయి కూడా. ఆవిడేమో గుమ్మం బయట చెప్పులు విడిచినట్టు, రోజూ పూజకు ముందు వాటినీ తీసేసేది. చివరికి దీపం మసకబారి రెండుగా కనబడసాగింది.

"చూపే పోతే స్వామిని దేంతో చూస్తారత్తయ్యా?" అని కోడలు హైమ కసిరింది.

"అరువు కన్నీళ్ళతో దణ్ణం పెడితే ఆయన ఒప్పుకుంటాడంటావా?" అని గొణుగుతూనే ఆవిడ ఆనాటి నుంచి పూజలోనూ పొరలు ఉంచుకుంది.

పదోనాడు హారతి వెలుగులో స్వామి నుదుటి నామం గీత గీతా స్పష్టంగా కనిపించింది. తాయారమ్మ చెంపలు తడిశాయి.

"పూజలో కూడా చుక్కలేనా?" అంది విసుగ్గా.

"నేను వేయలేదమ్మా," అంది కంటిపొర. "ఇవి మీవే."

హారతి కళ్ళకద్దుకోవడం కూడా మరిచి ఆవిడ అలాగే నిలబడిపోయింది.