ఒకే మంచం మీద ఇద్దరు

ఖాతూన్ బీ మామ్మనూ ఇమాం సాహెబ్ తాతనూ పక్కపక్కన కూర్చోబెట్టి ఫొటో తీసిన మొనగాణ్ణి మాచర్ల మొత్తంలో నేనొక్కణ్ణే. పదిమందిలో మొగుడి పక్కన కూర్చోవడమంటే మామ్మకు నామోషీ. పెళ్లయి నడికుడి వెళ్లబోతున్న మనవరాలు జాహెదాకేమో ఇద్దరూ ఉన్న ఫొటో కావాలి. అది లేనిదే బండెక్కనని ఒకటే ఏడుపు.

కడిగించి తెచ్చిన ఫొటో చూడగానే మామ్మ చెప్పందుకుంది.

"ఒరేయ్ కృపావరం, నేనెప్పుడు కూర్చున్నారా ఈయన పక్కన?"

"కూర్చున్నావు మామ్మా. సిగ్గులో మర్చిపోయుంటావు."

"మరి మీ తాత గుండెకాయలోంచి గోడ మేకు కనపడతందేంది?"

"తాతది అంత స్వచ్ఛమైన మనసు."

చెప్పు పైకి లేచింది.

"నిజం చెప్తా, ఆగు! పొద్దున ఈ మంచం మీద తాతను తీశా. మధ్యాహ్నం నిన్ను తీశా. మధ్యలో రీలు తిప్పడం మర్చిపోయా. ఒకదాని మీద ఒకటి పడ్డాయి."

మామ్మ ఫొటోను మళ్లీ చూసింది. అందులో తాత మంచం చివరకు జరిగి, పక్కకు తిరిగి నవ్వుతున్నాడు.

"ఖాళీ మంచాన్ని చూసి ఆ నవ్వేంది?" అని అదే మంచం మీద కూర్చునున్న తాతనడిగింది.

"నువ్వొచ్చి కూర్చుంటావేమోనని చోటొదిలా," అన్నాడు తాత.

మామ్మ చెప్పు కింద పడేసింది. కొంగు సర్దుకుని, వెళ్లి తాత పక్కన కూర్చుంది.

"ఏం చూస్తన్నావురా? ఈసారన్నా రీలు తిప్పి చావు."